విజయ అచ్చువేసిన పుస్తకాలు

విక్టోరియా ఒకాంపో పేరు మనలో ఎవరికైనా తెలిసి ఉంటే అది టాగూరు వల్లే తెలిసి ఉంటుంది. 1925లో వచ్చిన తన 'పూరబి' కవితా సంపుటిని టాగూరు 'విజయ'కు అంకితమిచ్చారు. ఆ విజయ ఈమే. విక్టోరియా అనే పేరును ఆయన మన వైపు మాటలోకి అలా మార్చుకున్నారు. టాగూరు జీవితచరిత్రల్లో ఈమె కథ రెండు నెలలతో అయిపోతుంది. జబ్బుపడ్డ కవికి ఇల్లు చూపించి, కనిపెట్టుకుని ఉండి, ఓడ ఎక్కించిన ఆర్జెంటీనా స్త్రీగానే మనకు మిగిలిపోతారు. కానీ ఆమె ఎనభై ఎనిమిదేళ్లు బతికారు. అందులో దాదాపు సగం కాలం పత్రిక నడిపారు, పుస్తకాలు అచ్చువేశారు. స్పానిష్ మాట్లాడే దేశాల మధ్య పుస్తకాలు సరిహద్దులు దాటడానికి దారి వేసినవాళ్లలో ఈమె ఒకరు. నేనిక్కడ చెప్పబోయేది ఆ ప్రచురణకర్త కథ.

ఆమె 1890 ఏప్రిల్ 7న బ్యూనస్ ఎయిర్స్‌లో పుట్టారు. బాగా కలిగిన పాత కుటుంబం. ఆరుగురు ఆడపిల్లల్లో పెద్దది. చదువంతా ఇంట్లోనే, విదేశీ పంతులమ్మల దగ్గర. మొదట ఫ్రెంచ్, తర్వాత ఇంగ్లీషు. ఇంట్లో మాట్లాడేది స్పానిషే అయినా, చదవడం రాయడం ముందుగా వచ్చింది ఫ్రెంచ్‌లో. అందుకే చాలా ఏళ్లు తన వ్యాసాలు ఫ్రెంచ్‌లో రాస్తే, వాటిని స్పానిష్‌లోకి మార్చాల్సి వచ్చేది. సొంత భాషలో రాయడానికి అనువాదం కావలసిన మనిషి, తర్వాత అనువాదాల మీదే జీవితం పెట్టారు. ఈ సంగతి నాకు భలే ఆసక్తిగా అనిపించింది.

ఆ రోజుల్లో వాళ్లలాంటి ఇళ్లలో ఆడపిల్లల్ని యూనివర్సిటీకి పంపేవాళ్లు కాదు. కుటుంబంతో పారిస్ వెళ్లినప్పుడు అక్కడి ఉపన్యాసాలు వినడానికి వెళ్లేవారు, అంతే. నాటకాల్లో నటించాలని ఉండేది. పెద్దవాళ్లు ససేమిరా అన్నారు. 1912లో పెళ్లయింది. ఆ కాపురం మొదట్లోనే చెడింది. ఆ దేశంలో అప్పటికి విడాకుల చట్టం లేదు. పరువు కోసం కొన్నేళ్లు భార్యాభర్తలన్న పేరు మోసి, తర్వాత విడిగా ఉండిపోయారు.

1924లో ఆమె మొదటి పుస్తకం వచ్చింది. డాంటే మీద రాసిన చిన్న పుస్తకం. అచ్చయింది ఎక్కడో చూడండి: స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో, తత్వవేత్త ఓర్తెగా ఇ గాసెత్ నడిపే ప్రచురణ సంస్థలో. రచయిత్రి ఉన్నది బ్యూనస్ ఎయిర్స్‌లో, పుస్తకం పుట్టింది సముద్రానికి అవతల. అప్పటి పద్ధతే అది. లాటిన్ అమెరికా రచయితలకు పెద్ద పేరు రావాలంటే మాడ్రిడో, బార్సిలోనాయో, పారిసో పిలవాలి.

స్పానిష్ దాదాపు ఇరవై దేశాల భాష. భాష ఒకటే కాబట్టి ఒక దేశంలో వచ్చిన పుస్తకం ఇంకో దేశంలో దానంతటదే దొరుకుతుందని మనం అనుకుంటాం. అలా ఉండదు. ప్రతి దేశానికీ వేరే డబ్బు, వేరే తపాలా, వేరే కస్టమ్స్, వేరే ప్రభుత్వం, వేరే నిషేధాలు. చిలీకీ ఆర్జెంటీనాకీ మధ్య ఆండీస్ పర్వతాలు. ఎవరో ఒకరు ముందు డబ్బు పెట్టి అచ్చువేయాలి, కట్టలు కట్టి ఓడకో రైలుకో ఎక్కించాలి, అవతలి ఊళ్లో కొట్టువాడికి అరువు మీద ఇవ్వాలి, అమ్ముడుపోనివి నష్టం రాసుకోవాలి. ఆ 'ఎవరో ఒకరు' లేకపోతే భాష ఒకటైనా లాభం లేదు.

టాగూరు విషయమే దీనికి మంచి ఉదాహరణ. ఒకాంపో 'గీతాంజలి'ని ఫ్రెంచ్‌లో, ఆంద్రే జీద్ అనువాదంలో చదివారు. మామూలు స్పానిష్ పాఠకులకు మాత్రం టాగూరు మాడ్రిడ్ నుంచి అందారు. సెనోబియా కాంప్రూబీ అనే ఆమె, తన భర్త కాబోతున్న కవి హువాన్ రమోన్ హిమెనెస్‌తో కలిసి 1915 నుంచి టాగూరు పుస్తకాలు వరసగా స్పానిష్‌లోకి తెచ్చారు. ఆ పుస్తకాలు ఓడలెక్కి దక్షిణ అమెరికా అంతా తిరిగాయి. చిలీలో ఇరవై ఏళ్లు నిండని పాబ్లో నెరూడా 1924లో వేసిన ప్రేమకవితల సంపుటిలో పదహారో కవిత టాగూరు 'గార్డెనర్'లోని ఒక పద్యాన్ని తనదైన తీరులో తిరగరాసిందే. బెంగాలీ పద్యం ఇంగ్లీషై, మాడ్రిడ్‌లో స్పానిషై, చిలీ కుర్రవాడి చేతికి వచ్చింది. మనకు చలం 'గీతాంజలి' ఎలాగో, వాళ్లకు సెనోబియా టాగూరు అలాగ.

అదే 1924 నవంబరులో పెరూ వెళుతున్న టాగూరు దారిలో జబ్బుపడి బ్యూనస్ ఎయిర్స్‌లో దిగారు. డాక్టర్లు ప్రయాణం వద్దన్నారు. ఒకాంపో ఆయన్ను ఊరి బయట సాన్ ఇసిద్రోలో, ప్లేట్ నది కనిపించే మిరాల్‌రియో అనే ఇంట్లో ఉంచారు. ఆ ఇల్లు తనది కాదు. అద్దె కోసం తన వజ్రాల తలనగ అమ్మారని చెబుతారు. రెండు నెలల తర్వాత ఆయన వెళుతుంటే, ఆయన కూర్చునే వాలుకుర్చీని కూడా ఓడలో పెట్టించారు. అది గది తలుపులో పట్టకపోతే తలుపే ఊడదీయించారట. ఆ కుర్చీ శాంతినికేతన్ చేరింది.

ఇక్కడ నాకు కుర్చీ కంటే ముఖ్యమనిపించిన సంగతి ఇంకోటి ఉంది. టాగూరు చేతిరాత కాగితాల్లో కొట్టేసిన మాటల మీద గీతలు కలుపుతూ బొమ్మలు వేసేవారు. వాటిని ఊరికే గీతలనుకోకుండా, బొమ్మలుగా చూసినవాళ్లలో ఒకాంపో ఒకరు. 1930లో టాగూరు పారిస్‌లో ఉన్నప్పుడు తానూ అక్కడే ఉండి, తనకున్న పరిచయాలతో ఆయన మొట్టమొదటి చిత్రప్రదర్శన ఏర్పాటు చేయించారు. ఒకరిలో ఉన్నదాన్ని గుర్తించడం, దానికి చోటు వెతకడం, ఖర్చుకు వెనకాడకపోవడం - ప్రచురణకర్తకు కావలసినవి ఈ మూడే. పత్రిక పెట్టకముందే అవి ఆమెలో ఉన్నాయి.

పత్రిక పెట్టమని పట్టుబట్టింది వాల్డో ఫ్రాంక్ అనే అమెరికన్ రచయిత. రెండు అమెరికాలూ ఒకరినొకరు చదవడం లేదని ఆయన బాధ. పేరు పెట్టింది మాడ్రిడ్‌లో ఉన్న ఓర్తెగా, అదీ టెలిఫోన్లో. పేరు 'సుర్', అంటే దక్షిణం. అట్ట మీద కిందికి చూపించే బాణం గుర్తు. మొదటి సంచిక 1931 జనవరిలో వచ్చింది. సలహామండలిలో ఆర్జెంటీనా వాళ్లతో పాటు స్పెయిన్, ఫ్రాన్స్, మెక్సికో, అమెరికా వాళ్లూ ఉన్నారు. పెట్టుబడి అంతా ఒకాంపోది. అప్పటికింకా పెద్ద పేరు రాని హోర్హే లూయిస్ బోర్హెస్ మొదటి నుంచీ ఆ గుంపులో ఉన్నారు.

పత్రికకు నష్టాలే మిగిలాయి. దాన్ని నిలబెట్టడానికి 1933లో అదే పేరుతో పుస్తకాల ప్రచురణ మొదలెట్టారు. తొలి పుస్తకాల్లో ఒకటి స్పెయిన్ కవి లోర్కా 'జిప్సీ గాథలు'. సరిగ్గా అప్పుడే లోర్కా బ్యూనస్ ఎయిర్స్ వచ్చారు, ఆయన నాటకాలకు జనం విరగబడ్డారు. స్పెయిన్‌లో ముందే వచ్చిన కవితల్ని మళ్లీ ఇక్కడ అచ్చువేయడం ఎందుకని అడగొచ్చు. అక్కడి నుంచి ఓడలో వచ్చే నాలుగు ప్రతులకూ, ఇక్కడ అచ్చయి చుట్టుపక్కల దేశాల కొట్లకు వెళ్లే ప్రతులకూ ఉన్న తేడాయే దానికి జవాబు. లోర్కాతో పాటు ఆల్డస్ హక్స్‌లీ, డి.హెచ్. లారెన్స్ నవలలు కూడా సుర్ స్పానిష్‌లోకి తెచ్చింది.

1934 చివర్లో ఒకాంపో లండన్‌లో ఒక ఫోటోల ప్రదర్శనలో వర్జీనియా వుల్ఫ్‌ను కలిశారు. పరిచయం చేసింది హక్స్‌లీ. వుల్ఫ్‌కు ఈమె దక్షిణ అమెరికా నుంచి వచ్చిన వింత ధనికురాలిగానే కనిపించినట్టుంది. పూలు పంపారు, సీతాకోకచిలుకలు అద్దాల పెట్టెలో పెట్టి పంపారు. 1939లో చెప్పాపెట్టకుండా ఒక ఫోటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని వెళితే వుల్ఫ్‌కు కోపం కూడా వచ్చింది. అదంతా ఎలా ఉన్నా, ఒకాంపో వుల్ఫ్ పుస్తకాలకు స్పానిష్ హక్కులు తీసుకుని, అనువాదం బోర్హెస్ చేతిలో పెట్టారు. స్త్రీ రాయాలంటే సొంత డబ్బూ, సొంత గదీ కావాలని వాదించే పుస్తకం 1936లో, 'ఆర్లాండో' 1937లో స్పానిష్‌లో వచ్చాయి.

ఆ 1936 మామూలు సంవత్సరం కాదు. ఆర్జెంటీనాలో పెళ్లయిన స్త్రీలకు పదేళ్ల కింద చట్టం ఇచ్చిన హక్కుల్ని తిరిగి తగ్గించాలని అప్పుడే ఒక ప్రతిపాదన వచ్చింది. భర్త అనుమతి లేకుండా ఉద్యోగం చేయకూడదన్నది అందులో ఒకటి. ఒకాంపో, మరియా రోసా ఒలివేర్ మొదలైనవాళ్లు కలిసి ఆర్జెంటీనా మహిళా సంఘం పెట్టి, దాన్ని ఎదిరించారు. ఆ ప్రతిపాదన నెగ్గలేదు. అంటే ఒకపక్క వీధిలో కరపత్రాలు, ఇంకోపక్క అచ్చులో వుల్ఫ్. ఆ పుస్తకాన్ని ఆమె అందంగా ఉందని మాత్రమే వేయలేదు, అవసరమని వేశారని నేను అనుకుంటున్నాను.

అదే ఏడాది జూలైలో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. ఆగస్టులో లోర్కాను కాల్చి చంపారు. మూడేళ్ల యుద్ధం తర్వాత ఫ్రాంకో నియంతృత్వం, దాంతో పాటు గట్టి సెన్సార్ వచ్చాయి. మాడ్రిడ్, బార్సిలోనా ప్రచురణ రంగం దెబ్బతింది. అక్కడి ప్రచురణకర్తలు, రచయితలు, అనువాదకులు మెక్సికోకూ, బ్యూనస్ ఎయిర్స్‌కూ పారిపోయి వచ్చారు. బ్యూనస్ ఎయిర్స్‌లో 1938, 39ల్లోనే లోసాదా, ఎమెసే, సుదామెరికానా అనే మూడు పెద్ద సంస్థలు పుట్టాయి. సుదామెరికానా స్థాపకుల్లో ఒకాంపో కూడా ఉన్నారు. దాన్ని నడిపించింది కాటలోనియా నుంచి వచ్చిన లోపెస్ ల్యౌసాస్. లోర్కా రచనలన్నీ సంపుటాలుగా వేసింది లోసాదా. వాటికి సంపాదకుడు, సుర్ మొదటి కార్యదర్శిగా పనిచేసిన గిల్యెర్మో దె తోర్రె. ఇప్పుడు పుస్తకాలు వెనక్కి ప్రయాణం మొదలెట్టాయి. స్పెయిన్‌లో అచ్చువేయడానికి వీల్లేనివి బ్యూనస్ ఎయిర్స్‌లో అచ్చయి, స్పెయిన్ కొట్లలో బల్ల కింద నుంచి అమ్ముడయ్యాయి.

ఆ రోజుల్లోనే 1938లో సుర్ ఒక చిలీ కవయిత్రి పుస్తకం వేసింది. గాబ్రియేలా మిస్ట్రాల్ 'తాలా'. మిస్ట్రాల్ పేదింటి పిల్ల, పల్లెటూరి బడిపంతులమ్మగా మొదలైన మనిషి. ఒకాంపో పుట్టిందీ ఏప్రిల్ 7నే, మిస్ట్రాల్ పుట్టిందీ ఏప్రిల్ 7నే, ఒక్క ఏడాది తేడా. ఇద్దరికీ గాఢమైన స్నేహం. ఆ పుస్తకం మీద వచ్చే డబ్బును మిస్ట్రాల్ యుద్ధంలో దిక్కులేనివాళ్లయిన బాస్క్ పిల్లలకు ఇచ్చేశారు. చిలీ కవిత, ఆర్జెంటీనా అచ్చు, స్పెయిన్ పిల్లలకు అన్నం! ఏడేళ్లకు, 1945లో, మిస్ట్రాల్‌కు నోబెల్ వచ్చింది. లాటిన్ అమెరికాకు సాహిత్యంలో అదే మొదటి నోబెల్.

ఈ సంస్థలు ఎలా నిలబడ్డాయన్నది కూడా చెప్పాలి. ఒక అనువాదానికి అయ్యే ఖర్చు ఒక్క దేశపు పాఠకుల మీద పడితే కష్టం. ఇరవై దేశాల మీద పంచితే వీలవుతుంది. అందుకే పుస్తకం అన్నిచోట్లా అర్థం కావాలి. ఆర్జెంటీనాలో 'నువ్వు' అనడానికి 'వోస్' అంటారు, మిగతా చాలా దేశాల్లో 'తూ' అంటారు. బ్యూనస్ ఎయిర్స్ అనువాదకులు ఇంట్లో 'వోస్' అంటూనే పుస్తకంలో 'తూ' రాసేవాళ్లు. మన ఇళ్లలో మాట్లాడే తెలుగుకీ పుస్తకంలో రాసే తెలుగుకీ ఉన్న దూరం తెలిసిన మనకు ఇది వింతేం కాదు.

బోర్హెస్ విషయానికి వస్తాను. ఆయన్ను ప్రపంచ రచయితను చేసిన కథలు చాలా మటుకు ముందు సుర్ పత్రికలో వచ్చాయి. 1941లో ఆయన కథల సంపుటి ఒకటి సుర్ వేసింది. అది 1942లో జాతీయ బహుమతికి వెళితే కమిటీ పక్కన పెట్టేసింది. ఒకాంపో ఊరుకోలేదు. ఆ ఏడాది జూలై సంచికలో రచయితలందరిచేత బోర్హెస్‌కు మద్దతుగా రాయించారు. 1944లో 'ఫిక్సియోనెస్' వేశారు. ఇక సరిహద్దు దాటడం ఎలా జరిగిందంటే, 1939లో ఒకాంపో ఆహ్వానం మీద ఫ్రాన్స్ నుంచి వచ్చిన రోజర్ కాయ్వా, ప్రపంచ యుద్ధం రావడంతో తిరిగి వెళ్లలేక అక్కడే ఉండిపోయారు. ఆమె సాయంతో, ఫ్రాన్స్ జర్మన్ల చేతిలో ఉన్న కాలంలో, బ్యూనస్ ఎయిర్స్ నుంచే ఒక ఫ్రెంచ్ పత్రిక నడిపారు. యుద్ధం అయ్యాక పారిస్ వెళ్లి, గాలిమార్ సంస్థలో లాటిన్ అమెరికా రచనల కోసమే ఒక వరస మొదలెట్టారు. అందులో మొదటి పుస్తకం, 1951లో, బోర్హెస్‌ది. పదేళ్లకు, 1961లో, వేర్వేరు దేశాల ప్రచురణకర్తలు కలిసి ఇచ్చే బహుమతి బోర్హెస్, శామ్యూల్ బెకెట్ ఇద్దరికీ కలిపి వచ్చింది. ఇంగ్లీషు పాఠకులు బోర్హెస్‌ను పట్టించుకోవడం ఎక్కువగా ఆ తర్వాతే.

ఒకాంపో ఇంత చేసినా ఆమె మీద విమర్శలు తక్కువేం కాదు. సొంత దేశాన్ని వదిలి యూరప్ వెంట పడిందని జాతీయవాదులు అన్నారు. డబ్బున్నవాళ్ల సరదా పత్రిక అని వామపక్షం వాళ్లు అన్నారు. ఆ మాటల్లో కొంత నిజం ఉంది. పేదల బతుకులకు సుర్‌లో చోటు తక్కువే. 1961లో, ఇరవై ఏళ్లకు పైగా సుర్‌ను తీర్చిదిద్దిన సంపాదకుడు హోసే బియాంకో, క్యూబాలో ఒక సాహిత్య బహుమతికి న్యాయనిర్ణేతగా వెళ్లారు. ఆ ప్రయాణంతో పత్రికకు సంబంధం లేదని ఒకాంపో అచ్చులో ప్రకటించారు. ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు. సరిహద్దులు చెరపడానికి పెట్టిన పత్రికే అక్కడొక గీత గీసింది. పత్రిక ఒక్కరి డబ్బుతో నడిస్తే, ఆ ఒక్కరి ఇష్టాయిష్టాలే దానికి హద్దులవుతాయి.

అలాగని ఆమె ఏ కష్టం లేకుండా గడిపిన మనిషీ కాదు. పెరోన్ ప్రభుత్వం 1953 మేలో ఆమెను అరెస్టు చేసి, ఆడవాళ్ల జైల్లో 26 రోజులు ఉంచింది. అప్పుడామెకు అరవై మూడేళ్లు. మిస్ట్రాల్ స్వయంగా పెరోన్‌కు టెలిగ్రామ్ పంపారు. వేరే దేశాల రచయితలూ గొంతెత్తారు. ఇరవై ఏళ్లుగా ఆమె ఎవరెవరి మాటలు సరిహద్దులు దాటించారో, అలాంటివాళ్ల మాటలే ఆమె కోసం సరిహద్దు దాటి వచ్చాయి.

1967లో సుదామెరికానా ఒక నవల వేసింది. రాసింది కొలంబియా వాడు, ఉంటున్నది మెక్సికోలో, అచ్చయింది ఆర్జెంటీనాలో. మార్క్వెజ్ 'నూరేళ్ల ఏకాంతం'. తపాలా ఖర్చుకు డబ్బు చాలక రాతప్రతిని ముందు సగమే పంపామని ఆయనే చెప్పుకున్నారు. మొదటి ముద్రణ 8,000 ప్రతులు వారాల్లో అయిపోయాయి. ఆ నవలను ఎంచుకున్నది ఎడిటర్ ఫ్రాన్సిస్కో పోర్రువా, ఒకాంపో కాదు. కానీ ఆ సంస్థ పునాదిలో ఆమె చెయ్యి ఉంది. ఇంకో సంగతి, మార్క్వెజ్ బొగోటాలో చదువుకునే రోజుల్లో ఆయన్ను కుదిపేసిన కాఫ్కా పుస్తకం కూడా బ్యూనస్ ఎయిర్స్‌లో లోసాదా వేసినదే. అక్కడి నుంచి వచ్చిన పుస్తకాలు చదివి పెరిగినవాడి పుస్తకం మళ్లీ అక్కడికే వెళ్లి అచ్చయింది.

సుర్ 1970 దాకా క్రమంగా వచ్చింది, తర్వాత అప్పుడప్పుడూ. ఆస్తి చాలా మటుకు అందులోనే కరిగింది. 1968లో ఇందిరాగాంధీ ఆర్జెంటీనా వెళ్లినప్పుడు విశ్వభారతి తరఫున ఆమెకు డాక్టరేట్ అందించారు. 1973లో తన ఇళ్లు రెండూ యునెస్కోకు రాసిచ్చేశారు. 1977లో ఆర్జెంటీనా సాహిత్య అకాడమీ ఆమెను సభ్యురాలిగా తీసుకుంది. ఆ అకాడమీలోకి వెళ్లిన మొదటి స్త్రీ ఆమే, అదీ ఎనభై ఏడేళ్ల వయసులో! 1979 జనవరి 27న సాన్ ఇసిద్రో ఇంట్లో కన్నుమూశారు.

మనం పుస్తకం మీద రచయిత పేరు చూస్తాం, అనువాదకుల పేరు ఒక్కోసారి చూస్తాం, ప్రచురణకర్త పేరు అసలు చూడం. తెలుగు రాష్ట్రాల బయట తెలుగు చదువుకుంటున్న మనకు మాత్రం ఆ పేరు అవసరం. మన డిపార్ట్‌మెంట్ బీరువాలో పాత పుస్తకాలు తీసి చూడండి. ఎన్నో వాటి మీద అచ్చైన ఊరు మద్రాసు అని ఉంటుంది. కొత్తవాటి మీద విజయవాడ, హైదరాబాదు. ఆ దారి కూడా ఒకప్పుడు అటు నుంచి ఇటు తిరిగిందే. ప్రతి పుస్తకం వెనకా, ఇది ఫలానా ఊరికి కూడా చేరాలి అనుకుని డబ్బు పెట్టిన మనిషి ఒకరు ఉంటారు. ఈసారి పుస్తకం తీసినప్పుడు ఆ పేరు కూడా చదవండి.